ఎడమ చెవికి సరిపోయే జీర

గురువారం మధ్యాహ్నం మూడూ ఇరవైకి, నూట పన్నెండో ట్రాన్సిస్టర్ కూడా అది కాదని తేలింది.

సోల్డరింగ్ ఐరన్ మొన నుంచి పొగ లేస్తోంది. దారంలా లేస్తుంది. ఫ్యాన్ గాలికి తెగుతుంది. మళ్ళీ లేస్తుంది. గదంతా కాలిన గుగ్గిలం వాసన.

ఆమె నూట పన్నెండోదాన్ని సాకెట్లోంచి లాగి బల్లకు ఎడమ పక్కన పెట్టింది. కుడి పక్కన ఇంకా ఎనభై ఎనిమిది ఉన్నాయి. ఒకటి తీసుకుంది. గోరంత దాని మూడు కాళ్ళు నిటారుగా సర్దింది. గుచ్చింది.

గిటార్ ఒళ్ళో ఉంది. ఆమెకు గిటార్ రాదు. ఒక్క తీగ మీటడం వచ్చు.

మీటింది.

వాన ఉంది. ఆకుల్లేవు.

తీసి ఎడమ పక్కన పెట్టింది.

నూట పదమూడు.

*

ఆ వాన, ఆకుల మాట ఆమె అన్నయ్యది.

ఇరవై ఏళ్ళ కిందట, డబ్బా తయారైన రోజున అన్నాడు. కాలితో నొక్కాడు, తీగ మీటాడు, తల పక్కకు వంచి విన్నాడు. "ఎండాకుల మీద వాన మొదలైనట్టుందే" అన్నాడు. అప్పుడు అతనికి ఇరవై ఆరు, చెల్లెలికి ఇరవై ఒకటి. పారేసిన రేడియోల్లోంచి ఊడదీసిన సామానుతో నాలుగు ఆదివారాలు కూర్చుని కట్టారు. అతను వినేవాడు. ఆమె అతికించేది.

అరచేతిలో పట్టే ఇనప డబ్బా. గిటార్ వైరు ఒక పక్క నుంచి లోపలికి పోతుంది, ఇంకో పక్క నుంచి స్పీకరుకు పోతుంది. మధ్యలో శబ్దం చెడుతుంది. చెడగొట్టడమే దాని పని. తీగ గొంతుకు జీర పట్టిస్తుంది. దుకాణాల్లో అమ్మేవాటిని పెడల్ అంటారు. వీళ్ళ ఇంట్లో మాత్రం డబ్బా.

లోపల ట్రాన్సిస్టర్లు రెండే. ముందొకటి, వెనకొకటి.

ఆ రెండూ ఇప్పుడు బల్ల మీదున్న రెండు వందల్లో ఎక్కడో ఉన్నాయి. అన్నిటి మీదా ఒకటే నంబరు. అన్నీ ఒకే ఎత్తు. ఒకే బూడిద రంగు.

అతని చెవికి ఆపరేషన్ సోమవారం పొద్దున ఎనిమిదికి.

*

అన్న బస్ డిపోలో టికెట్ కౌంటరు గుమస్తా. అద్దం వెనక కూర్చుంటాడు. అద్దానికి అవతల మనుషుల పెదాలు కదులుతాయి, ఊరి పేరు చెబుతాయి, ఇతను టికెట్ కొడతాడు. ఇరవై రెండేళ్ళుగా అదే పని. పెదాలు చూసి ఊరు పోల్చడం అలవాటైపోయింది. అందుకే రెండేళ్ళ కిందట కుడి చెవి పోయినప్పుడు, అది పూర్తిగా పోయేదాకా ఇంట్లో ఎవరికీ తెలియలేదు. అతనికీ తెలియలేదు.

ఇప్పుడు ఎడమది. చెవి నరం మీద గడ్డ. డాక్టరు మాటలు దాచుకోలేదు. గడ్డ తీస్తే నరమూ పోతుంది. తీయకపోతే మనిషి పోతాడు.

అన్న బల్ల మీద వేళ్ళతో తాళం వేస్తూ విన్నాడు. బయటికొచ్చాక, "పోయేది చెవే కదా, నాలుక కాదుగా" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అతనూ ఇంకోసారి అనలేదు.

అతను గిటార్ మీద కట్టుకున్న పాట ముక్క ఒకటి ఉంది. నాలుగు నిమిషాలది. పేరు లేదు. ఆదివారాలు ముగ్గురు స్నేహితులు కూడినప్పుడు చివర్న వాయిస్తాడు, డబ్బా నొక్కి. అతను కోరింది అదే. ఆదివారం దాకా ఆ ముక్కని వాయించుకుంటాడు. ఆ జీరతో. చెవి చివరగా వినేది అది కావాలి.

"నా గొంతు కాదన్నమాట" అంది వదిన.

"నీ గొంతు నాకు బట్టీ వచ్చేసింది కదే. చెవి లేకపోయినా వినిపిస్తుంది."

"అంత సాధించానంటావా?"

"పొద్దున ఐదింటికి మొదలెడతావు. రాక ఎక్కడికి పోతుంది?"

వదిన నవ్వింది. నవ్వుతూనే వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి తిప్పింది. చాలాసేపు కట్టలేదు.

*

పదకొండు రోజుల కిందట జరిగింది ఇది.

అన్న మేడ మీద నుంచి దిగొచ్చాడు. కింద ముందు గది చెల్లెలి రిపేరు షాపు. రేడియోలు, మిక్సీలు, టీవీ బోర్డులు, ఫ్యాన్ రెగ్యులేటర్లు. డబ్బా బల్ల మీద పెట్టి, "గరగరమంటోంది, చూడు" అన్నాడు. వైరు దూర్చే చోట జాక్‌కు తుప్పు పట్టింది. పది నిమిషాల పని. జాక్ మార్చింది.

అక్కడ ఆగి ఉండాల్సింది.

ఆగలేదు. ఆ బల్ల మీద ఆమెకు పని నేర్పిన పెద్దాయన ఒక కట్టుబాటు పెట్టి పోయాడు. మూత తెరిచాక లోపల చెడ్డ సామాను ఉంచి మళ్ళీ మూత వేయకూడదు. పందొమ్మిదేళ్ళలో ఆమె దాన్ని ఒక్కసారీ తప్పలేదు. ఊళ్ళో ఆమెకున్న పేరు కూడా అదే. ఆవిడ మూత వేసిందంటే మళ్ళీ తెరవక్కర్లేదు.

మీటరు పెట్టింది. ముందు ట్రాన్సిస్టరు కారుతోంది. వెనకదీ కారుతోంది. ఆపాల్సిన కరెంటును ఆపలేక జారవిడుస్తున్నాయి. చెడ్డవి. ఊడదీసింది. అదే నంబరువి మంచివి రెండు పెట్టింది. ఉబ్బిన కండెన్సర్ ఒకటి కనిపిస్తే మార్చింది. బ్యాటరీ మార్చింది. లోపల బ్రష్‌తో దుమ్ము దులిపింది. మూత వేసింది.

ఊడదీసినవి పాత ట్రాన్సిస్టర్లుండే బిస్కెట్ల డబ్బాలో పడేసింది. అదీ అలవాటే.

సాయంత్రం అన్న మేడ మీద ఒక తీగ మీటాడు.

ఒక్కటే.

మెట్లు దిగి వచ్చాడు. డబ్బాను రెండు చేతుల్తో పట్టుకుని వచ్చాడు. బల్ల మీద పెట్టాడు.

"ఇది ఎవరిదే?" అని అడిగాడు.

ఆమె బిస్కెట్ల డబ్బా అందుకుంది. వేసినవి పైనే ఉన్నాయి. పైన చెయ్యి పెట్టి రెండు తీస్తే అయిపోయేది. ఆ క్షణంలో ఆమెకు అది తోచలేదు. గబగబా మూత తీసి, డబ్బాను బల్ల మీద బోర్లించింది.

రెండు వందలు. గలగలమని.

పైవేవో కిందవేవో అంతటితో తెలియకుండా పోయింది. అదే నంబరువి వేరే చోట్ల నుంచి తెప్పించి పెట్టి చూడ్డంలో పది రోజులు పోయాయి; ఈ గురువారం పొద్దున మళ్ళీ ఆ కుప్పకే వచ్చింది.

*

జీర చెడ్డ సామానులోనే ఉంది.

ఇన్నేళ్ళూ ఏ రెండు కరెంటు కారుస్తూ వచ్చాయో, ఆ కారడమే ఆ వాన, ఆ ఆకులు. మంచి సామాను పెడితే తీగ గొంతు శుభ్రపడింది. ఎవరి గొంతు అయినా కావచ్చు అన్నట్టు తయారైంది.

ఆమె పందొమ్మిదేళ్ళుగా చెడ్డవాటిని ఏరి పారేసింది. ఇప్పుడు చెడ్డవాటిలో ఒక చెడ్డదాన్ని వెతుకుతోంది.

షాపు తలుపు తెరిచే ఉంది. వీధి నుంచి ఒకావిడ మిక్సీ పట్టుకుని వచ్చింది. బల్ల చూసింది. ఎడమ పక్క కుప్ప, కుడి పక్క కుప్ప, ఒళ్ళో గిటార్. "పాటలు కూడా నేర్చుకుంటున్నావేంటమ్మా" అంది. సోమవారం తరవాత రమ్మంటే మిక్సీ చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

మీటింది. వాన లేదు.

మీటింది. వాన ఉంది, ఆకుల్లేవు.

మీటింది. ఏమీ లేదు. చచ్చిన ట్రాన్సిస్టరు.

మీటింది...

ఆరున్నరకు రెండు వందలూ అయిపోయాయి. ఒక్కటీ కాదు. ఆమె మీటరు మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. అప్పుడు లెక్క వేసింది. ముందు వేయాల్సిన లెక్క అది. ముందు గూట్లో ఒకటి మారుస్తూ పోయింది, వెనక గూట్లో మాత్రం కొత్తది అలాగే ఉంది. రెండూ పాతవైతేనే ఆ శబ్దం. రెండు వందల్లో ముందుకొకటి, వెనక్కొకటి — నలభై వేల జతలకు రెండు వందలు తక్కువ. నిమిషానికి ఒకటి చొప్పున, తిండీ నిద్రా మానేసినా ఇరవై ఏడు రోజులు దాటుతుంది.

ఉన్నవి మూడు రోజులు, ఒక పొద్దు.

మేడ మీద అన్న గిటార్ వాయిస్తున్నాడు, డబ్బా లేకుండా. ఆ ముక్కే. మధ్యలో ఆగుతున్నాడు. మొదట్నుంచి ఎత్తుకుంటున్నాడు.

*

శుక్రవారం పొద్దున ఆమె రెండు వందలనూ మీటరు మీద పెట్టింది. కారేవి ఏరింది. నలభై మూడు. జతలు పద్దెనిమిది వందల ఆరు. ముప్పై గంటలు.

ముప్పై గంటలు ఉన్నాయి.

అన్నం బల్ల మీదికే వచ్చింది. వదిన తెచ్చి పెట్టింది. "వేళ్ళు చూసుకున్నావా?" అంది. కుడి చేతి వేళ్ళ కొసలు తీగకు కోసుకుపోయాయి. ఆమె చూపుడు వేలికి ఇన్సులేషన్ టేపు చుట్టుకుంది. మళ్ళీ మీటింది.

అరవయ్యో జత దగ్గర ఆగింది.

ఆమె ప్రతి వస్తువుకూ ఒక చీటీ రాస్తుంది. ఏం తీసింది, ఏం పెట్టింది. డబ్బాకూ రాసింది. అన్నయ్య డబ్బా కదా అని మానలేదు. మేకుకు గుచ్చిన చీటీల్లో వెతికితే దొరికింది. జాక్, మార్చాను. ట్రాన్సిస్టర్లు రెండు, లీకు, మార్చాను. ఎంత లీకో రాయలేదు. చెడ్డదాని కొలత ఎవరు రాసుకుంటారు? కండెన్సర్ ఒకటి, మార్చాను. బ్యాటరీ ఆరు పాయింట్ రెండు, మార్చాను.

తొమ్మిది వోల్టుల బ్యాటరీ. ఆరూ రెండుకు దిగిపోయింది. అన్న దాన్ని ఎన్నేళ్ళుగా మార్చలేదో.

దిగిపోయిన బ్యాటరీ. ఆకలితో ఉన్న ట్రాన్సిస్టర్లు. ఆ జీర కడుపు నిండిన జీర కాదు.

నిన్నటి రెండు వందలూ, ఇవాళ్టి అరవై జతలూ కొత్త బ్యాటరీ మీద మీటింది. అవన్నీ లెక్కలోకి రావు.

కొత్త బ్యాటరీకి టార్చి బల్బు కట్టింది. బల్బు వెలిగింది. గంటన్నరకు పసుపు తిరిగింది. మీటరు పెట్టింది. ఏడూ నాలుగు. మళ్ళీ కట్టింది. ఆరూ తొమ్మిది. ఆరూ అయిదు. బల్బు ఎర్రబడింది. ఆమె గడపలో కూర్చుని ఆ బల్బునే చూసింది. వీధిలో గాలి లేచింది, దుమ్ము లేచింది, చినుకు మాత్రం పడలేదు.

ఆరూ రెండు.

ఒకటో జత దగ్గర్నుంచి మొదలుపెట్టింది.

*

శనివారం పదకొండూ నలభైకి, ఆరు వందల డెబ్బై రెండో జత.

మీటింది.

చెయ్యి తీగ మీదే ఆగిపోయింది. శబ్దం ఆగలేదు. ఎండాకుల మీద వాన మొదలైంది. ముందు ఒక చినుకు, వెంట పది, ఆ వెంట చెట్టంతా... సన్నబడుతూ, గరుకుబడుతూ, చివర్న ఆకు ముడుచుకున్నట్టు.

ఆమె మళ్ళీ మీటడానికి భయపడింది.

అప్పుడే గడియారం వచ్చాడు. అన్న జట్టులో డ్రమ్ములు వాయించేవాడు. తాళం తప్పడని ఆ పేరు పెట్టారు. పదింటికి రమ్మంటే పన్నెండింటికి వస్తాడు.

"చెల్లమ్మా, ఏదీ, ఇంకోసారి."

మీటింది.

గడియారం గడప దాటలేదు. ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడు. "ఇదే" అన్నాడు. "అదేనమ్మా బాబూ. ఎక్కడ దొరికింది ఇది? ఇదే." కళ్ళు తుడుచుకున్నాడు. "నువ్వు మనిషివి కాదు" అన్నాడు.

ఆమె మెట్లెక్కింది. రెండేసి మెట్లు.

అన్న దిగొచ్చాడు. స్టూలు మీద కూర్చున్నాడు. గిటార్ ఒళ్ళోకి తీసుకున్నాడు, డబ్బా నొక్కాడు, ఆ ముక్క ఎత్తుకున్నాడు. గదిలో వాన కురిసింది. వీధిలో పోయేవాళ్ళిద్దరు ఆగి విన్నారు. గడియారం తొడ మీద తాళం వేశాడు.

అన్న పది సెకన్లకు ఆపేశాడు.

"కాదే" అన్నాడు.

గడియారం తాళం ఆపాడు.

"దగ్గరగా కూడా లేదు. ఇంకెవరో వాయిస్తున్నట్టుంది." చెల్లెలి వేలి టేపు చూశాడు. "పోనీలే. అలిసిపోయావు. వదిలెయ్."

వదిలెయ్ అని మెత్తగానే అన్నాడు.

*

మూడింటికి ఆమె షాపులో ఉన్న టోన్ పెట్టె తీసింది. స్పీకర్లు పరీక్షించేది. నాబ్ మీద అంకెలుంటాయి. అంకె పెరిగేకొద్దీ కూత సన్నబడుతుంది.

"డబ్బా చూడాలి, సాయం పట్టు" అని అన్నను కూర్చోబెట్టింది. ఎడమ చెవికి హెడ్‌ఫోన్ పెట్టింది. కూత వినిపించినంతసేపూ వేలు ఎత్తి ఉంచమంది.

రెండు వందలు. వేలు పైకి ఉంది.

ఎనిమిది వందలు. ఉంది.

వెయ్యి. ఉంది.

పన్నెండు వందలు. అతను కళ్ళు మూసుకున్నాడు.

పద్నాలుగు వందల దగ్గర వేలు దిగింది.

ఆమె నాబ్ ఇంకా తిప్పింది. పదహారు వందలు, రెండు వేలు, మూడు వేలు. పెట్టెలోంచి కూత గదిలోకి వస్తోంది. వీధి కుక్క చెవులు నిక్కబొడుచుకుంది. అన్న వేలు ఒళ్ళోనే ఉంది.

"ఆపేశావా?" అన్నాడు.

"ఆపేశాను" అంది.

ఆస్పత్రి కాగితం వదిన దగ్గర ఉంది. ఇరవై రోజుల కిందటిది. అప్పుడు మూడు వేల దాకా వినిపించిందని రాసి ఉంది. ఆ జీర ఉండేదంతా రెండు వేలకు పైన. ఆకులన్నీ అక్కడే.

పదమూడు రోజుల కిందట ఏది ముందు పోయింది, డబ్బాలో జీరా, చెవిలో జీరా? ఆ రోజున కొలిచినవాళ్ళు లేరు. తెలిసే దారి కూడా లేదు.

వదిన కాగితం మడత పెట్టింది. మళ్ళీ మడత పెట్టింది.

"చెప్పకు" అంది.

"వదినా..."

"వారంగా ఏది అడిగినా ఊ అంటున్నాడు. ఉప్పు ఎక్కువైందా అంటే ఊ. తక్కువైందా అంటే ఊ. నా మీద అలిగాడనుకున్నాను." మడత ఇంక పడలేదు. "చెప్పకమ్మా. డబ్బా పాడైందనే అనుకోనీ."

*

దొరికిన శబ్దం అతనికి చేరదు. చేరే శబ్దం ఏదో ఆమెకు తెలియదు.

అందుకని ముందు అన్న చెవిని తయారు చేసింది.

రెండు రెసిస్టర్లు, రెండు కండెన్సర్లు. చెక్క ముక్క మీద అతికించింది. పద్నాలుగు వందలకు పైన దేన్నీ పోనివ్వదు. టోన్ పెట్టె పెట్టి చూసింది. అతని వేలు దిగిన చోటే అదీ మూగబోయింది. మైకు కట్టింది, హెడ్‌ఫోన్ పెట్టుకుంది. కుడి చెవికి దూది కుక్కుకుంది.

వదిన గుమ్మంలో నిలబడి ఏదో అంది.

హల్లులు రాలిపోయాయి. అచ్చులు మిగిలాయి. గోడ అవతల ఎవరో ఎవరితోనో అంటున్న మాట. వదిన పెదాలు చూస్తేగానీ అది "తిన్నావా" అని తెలియలేదు.

"ఊ" అంది.

అని, హెడ్‌ఫోన్ తీసేసి బల్ల మీద తల ఆనించింది. కాసేపటికి ఎత్తింది. ఐరన్ వేడెక్కే ఉంది.

ఆరు వందల డెబ్బై రెండో జతని ఆ చెవితో విన్నది. వాన పక్క ఊళ్ళో కురుస్తోంది. ఇక్కడ తడి లేదు, చప్పుడు లేదు, ఆకాశం ముసురుకుని ఉంది, అంతే. అన్న చెప్పింది నిజం. ఇంకెవరో వాయిస్తున్నట్టే ఉంది.

*

ఆదివారం పొద్దున ఆరింటికి ఆ జతని ఊడదీసింది.

రెంటినీ కాగితంలో చుట్టి, పెన్నుతో గుర్తు పెట్టి, సొరుగులో వేసి తాళం వేసింది.

ఇక చెడగొట్టడం మొదలుపెట్టింది.

నలభై మూడింటిలోకెల్లా ఎక్కువ కారేదాన్ని ముందు గూట్లో పెట్టింది. ముందు కండెన్సర్ తీసి పదింతల పెద్దది వేసింది, మంద్ర శబ్దాలన్నీ వరదలా లోపలికి రానీ అని. రెసిస్టర్ మార్చింది. తీగ మోత మధ్యలో తెగింది. ఇంకొకటి మార్చింది. తెగిన మోత మళ్ళీ అంటుకుంది. తెగి, అంటుకుని, తెగి. ఎండాకులు పై అంకెల్లో ఉంటాయి. అక్కడికి దారి మూసుకుపోయింది. బండలు కింది అంకెల్లో ఉన్నాయి. వానని బండల మీద కురిపించాలి.

మీటింది. హెడ్‌ఫోన్లో విన్నది. బురద.

మార్చింది. మీటింది. బురదలో కంకర.

మార్చింది. కంకర మాత్రమే. వాన లేదు.

పందొమ్మిదేళ్ళ పనితనం ప్రతి అడుగుకూ అడ్డం పడింది. చెయ్యి తనంతట తనే మంచి విలువ వైపు పోతుంది. లాగి చెడ్డదాని వైపు తేవాలి. ఒక రెసిస్టర్ సరిగ్గా పెట్టేసి, తప్పు గుర్తొచ్చి ఊడదీసింది. రెండుసార్లు.

నాలుగింటికి అన్నను ఆస్పత్రిలో చేర్చాలి. మూడూ నలభైకి ఆటో వచ్చింది. అన్న షాపు గుమ్మం దగ్గర ఆగాడు. బల్ల మీద కుప్పలు చూశాడు, చెక్క ముక్క చూశాడు.

"ఇంకా అదేనా?"

ఆమె తల ఎత్తి, మొహం అతనికి కనబడేలా తిప్పి, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది. "పొద్దున... తెస్తాను."

"ఏమే, టీచరమ్మలా మాట్లాడుతున్నావు?" అన్నాడు. ఆటో ఎక్కాడు.

ఐదింటికి గడియారం వచ్చాడు. డబ్బా నొక్కి తీగ మీటి చూపించింది. హెడ్‌ఫోన్ లేకుండా, గదిలోకి.

"చెరువులో గేదె పడ్డట్టుంది" అన్నాడు గడియారం. "నిన్నటి బంగారాన్ని ఏం చేశావు తల్లీ?"

హెడ్‌ఫోన్ అతని తలకు పెట్టింది. అన్న చెవిలా వినే ఆ చెక్క ముక్క గుండా అదే తీగ మీటి వినిపించింది.

గడియారం మొహంలో నవ్వు పోయింది. హెడ్‌ఫోన్ తీసి చేతిలో పట్టుకున్నాడు. చెక్క ముక్కనీ, దాని మీది నాలుగు సామాన్లనీ చూశాడు.

"ఎన్నాళ్ళుగా?"

"తెలీదన్నా."

"మరి నాతో ఏం విని వాయించాడు, ఇన్ని ఆదివారాలు?"

గడియారమే అన్నాడు. "నా కాలు చూసేవాడు. డ్రమ్ము మీద నా కాలు. తాళం తప్పుతున్నానని చూస్తున్నాడనుకున్నాను. ఒకసారి తిట్టాను కూడా."

గిటార్ అతనే తీసుకున్నాడు. అతనికీ సరిగ్గా రాదు. అయినా ఆ ముక్క మొదటి వరస తెలుసు. అతను వాయించాడు, ఆమె హెడ్‌ఫోన్ పెట్టుకుని మార్చింది. అతను వాయించాడు. ఆమె మార్చింది. వెలుగు ఉన్నంతసేపూ అదే.

ఏడు కావస్తుండగా, ఇంకొంచెం కారే ట్రాన్సిస్టరొకటి వెనక గూట్లో పడింది.

ముందు ఒక చినుకు. బండ మీద. వెంట పది.

ఆ వెంట... ఉందో లేదో. ఆమెకు ఉన్నట్టే అనిపించింది. ఆమె చెవి కాదు కదా అది. చెక్క ముక్క.

"చాలు" అన్నాడు గడియారం.

"చాలో కాదో మనకెలా తెలుస్తుంది?" అంది.

*

సోమవారం ఏడూ పదికి ఆమె ఆస్పత్రి మూడో అంతస్తులో ఉంది. ఒక చేతిలో గిటార్, ఒక చేతిలో సంచి. సంచిలో డబ్బా, బ్యాటరీ మీద నడిచే చిన్న స్పీకరు పెట్టె, ఆంప్.

వార్డు సిస్టర్ మొదట కుదరదంది. వదిన ఆవిణ్ని పక్కకు తీసుకెళ్ళింది. ఏం చెప్పిందో తెలియదు. సిస్టర్ తిరిగొచ్చి వరండా చివర దుప్పట్ల గది తాళం తీసింది. "పదిహేను నిమిషాలు" అంది. "తలుపు వేసుకోండి."

దుప్పట్ల గదిలో రెండు అరలు, ఒక స్టూలు, ఒక కిటికీ. అన్న ఆస్పత్రి గౌనులో ఉన్నాడు. తల ఎడమ వైపు గొరిగారు. చెవి వెనక పెన్నుతో గుర్తు పెట్టారు.

ఆమె వైర్లు దూర్చింది. ఆంప్‌ను అర మీద, అతని ఎడమ చెవికి జానెడు దూరంలో పెట్టింది. స్విచ్ వేసింది.

"ఏం మార్చావే?" అన్నాడు.

"ఏమీ మార్చలేదన్నయ్యా. పాతవే దొరికాయి."

అతను ఆమె పెదాలు చూశాడు. తల దించి డబ్బాను చూశాడు. కాలికి చెప్పు లేదు. బొటన వేలితో నొక్కాడు.

ఏడూ ఇరవై మూడుకు మొదటి తీగ మీటాడు.

వదిన అరలోంచి జారుతున్న దుప్పటి పట్టుకుంది. ఆంప్‌లోంచి వచ్చింది ముక్కలు ముక్కలుగా తెగిన మోత. వరండాలో ఎవరో ఏమిటా చప్పుడు అన్నారు.

అన్న ఆగాడు. ఆంప్‌ను రెండంగుళాలు దగ్గరికి లాక్కున్నాడు. మళ్ళీ మీటాడు. ఆ ముక్క మొదలుపెట్టాడు. ఎవరి వైపూ చూడలేదు. నాలుగు నిమిషాలు వాయించాడు. చివరికొచ్చి, ఆపకుండా మొదటికి వెళ్ళాడు. రెండోసారి కొంచెం నెమ్మదిగా వాయించాడు. ఒకచోట లేని స్వరం ఒకటి వేశాడు. చెల్లెలు ఆ ముక్కలో ఆ స్వరం ఎప్పుడూ వినలేదు.

ఏడూ ముప్పై ఐదుకు సిస్టర్ తలుపు తట్టింది. వదిన తలుపు తీసింది. వెనకే స్ట్రెచర్, దాన్ని తోసే మనిషి.

అతను మూడోసారి మొదలుపెట్టి ఉన్నాడు. కళ్ళు మూసుకుని ఉన్నాడు.

సిస్టర్ అతని ఎడమ పక్కకు వచ్చింది. పేరు పెట్టి పిలిచింది. ఒక్క క్షణం ఆగి, గట్టిగా ఇంకోసారి పిలిచింది.

అతను తల తిప్పలేదు. వేళ్ళు కదులుతున్నాయి.